మునెప్ప కూల్చిన గూబ గూడు

మా చిన్నప్పుడు... కేజీఎఫ్‌లో, బంగారం తీసేశాక గని ఇసుక పారబోసిన సైనైడ్ దిబ్బ మీద బోర్లా పడుకుని, నేనూ పక్కింటి మేరీ ఊపిరి బిగబట్టి ఒక గుడ్లగూబ గూడు చూస్తూ ఉండేవాళ్ళం. వాన కోసిన ఇసుక సందులో మూడు పిల్లలు... తెల్లగా, దూదిపింజల్లా.

మాదొక సంఘం. పేరు పక్షుల సంఘం. సభ్యులం ఇద్దరమే. చేరాలంటే రాలిన ఈక ఒకటి తేవాలి. గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదు. ఆ రెండోది తప్పింది నేనే...

గని కార్మికులుండే మా లైన్ ఇళ్ళలో ఒక పట్టింపు ఉండేది. మగవాళ్ళు పొద్దుటి షిఫ్టుకు బయల్దేరేటప్పుడు గూబ కూస్తే ఆ రోజు గనిలోకి దిగకూడదు. ఒక పొద్దున కూసింది. అమ్మ నాన్న క్యారియర్ వదలకుండా పట్టుకుని వాకిట్లో ఏడుస్తోంది. నాకు మనసాగలేదు. "అది మా గూబేమ్మా, దిబ్బ సందులో పిల్లల్ని పెట్టుకోనుండాది, అందుకే అరస్తాది" అన్నాను. నాన్న నవ్వి షిఫ్టుకు వెళ్ళాడు. ఎదురింటి మునెప్ప కొళాయి దగ్గర పళ్ళు తోముకుంటూ అంతా విన్నాడు.

నాన్న క్షేమంగానే వచ్చాడు. కానీ అదే షిఫ్టులో బండ జారి మునెప్ప తమ్ముడి కాలు విరిగింది.

మర్నాడు మునెప్ప గడ్డపార తీసుకుని దిబ్బ ఎక్కాడు. మేం పరుగెత్తుకుని వెళ్ళేసరికి సందంతా ఇసుకతో పూడిపోయింది. మేరీ గోళ్ళు విరిగేదాకా తవ్వింది... ఒక్క పిల్లా దొరకలేదు.

అంతటితో వదిలాడా? సాయంత్రం లైనంతా చూస్తుండగా నన్ను నిలబెట్టాడు. "ఈ బిడ్డ అపశకునాన్ని సాకింది, తప్పయిందని చెప్పించప్పా" అన్నాడు నాన్నతో. నాన్న తల వంచుకున్నాడు. నేను చెప్పాను. "ఇంగా గట్టిగా" అన్నాడు మునెప్ప. మళ్ళీ చెప్పాను... పదేళ్ళ పిల్లని.

ఎన్నేళ్ళైనా ఆ మాట మింగుడు పడలేదు. ఆయన నోట అదే మాట వినకుండా వదలనని ఆ రాత్రి దుప్పట్లో ఒట్టు పెట్టుకున్నాను.

ఈ ఏడాది ఇక్కడే మళ్ళీ పక్షుల సంఘం పెట్టాను. ముళబాగిలు నుంచి, కామసముద్రం నుంచి కూడా జనం వస్తున్నారు. ప్రతి ఆదివారం పొద్దున ఆరుకి అందరం కలిసేది మునెప్ప ఇంటి ముందరి కొళాయి దగ్గర. అక్కడే ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. నేను కథంతా చెప్తాను... ఆయన ఇల్లు చూపించి, పేరు పెట్టి, కిటికీలోకి వినబడేలా. కిటికీ రెక్క మూసుకుంటుంది. దాచడమెందుకు... నా కడుపు చల్లబడేది.

పోయిన ఆదివారం తలుపు తెరుచుకుంది. ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఇంగ చాలించమ్మా. నా మనవరాలే నన్ను చూసి మొగం తిప్పుకుంటాది."

"తప్పయిందని చెప్పు మామా."



"ఆ పొద్దు గూబ కూసిందని షిఫ్టుకు నేను పోలేదమ్మా. నా బదులు తమ్ముణ్ణి పంపించినాను. వాడి కాలు ఇరగ్గొట్టింది నేను. ఆ మాట యాడ చెప్పుకునేది... గూబ మీద తోసేసినాను."

జాలేసింది. నిజంగానే వేసింది. కానీ కోపం మాత్రం పోలేదు.

బైనాక్యులర్ ఆయన చేతికిచ్చి దిబ్బ వైపు తిప్పాను. ఇసుక సందులో ఒక గూబ... పక్కన రెండు పిల్లలు.

"నాకొద్దు. దానికి చెప్పు."

ఆయన బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాడు. "తప్పయిందమ్మా" అన్నాడు, గూబని చూస్తూ.

"ఇంగా గట్టిగా, మామా" అన్నాను.

మళ్ళీ చెప్పాడు. లైనంతా విన్నది.

గని మూతపడింది, ఇప్పుడు సైరన్ లేదు... షిఫ్టూ లేదు. గూబ కూస్తే క్యారియర్ పట్టుకుని ఏడ్చే అమ్మా లేదు. మేరీ, ఎక్కడున్నావో గానీ ఇది చదివితే ఒక ఈక పట్టుకుని రావే... చోటు అదే కొళాయి, మార్చలేదు.

మీ చిన్నప్పుడు మీ గూడు కూల్చినవాళ్ళెవరైనా ఉంటే కింద రాయండి... పేరుతో సహా.