చంద్రరావు బూట్లు విప్పిన రోజు

రాజమహేంద్రవరం మెయిన్‌రోడ్డులో ఒక చెప్పుల షాపులో చంద్రరావు ఇరవై ఆరేళ్ళుగా సేల్స్‌మన్. వచ్చినవాళ్ళ ముందు చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, మడమ పట్టుకుని చెప్పు తొడిగి, బొటనవేలి దగ్గర నొక్కి చూసి "సరిపోయిందండి" అన్నాడంటే మళ్ళీ రెండో జత తీయాల్సిన పని ఉండేది కాదు.

కిందటేడు వానలు మొదలైనప్పుడు అతని కుడి అరచేయి పొడిబారింది. గీతల వెంట సన్నటి పొట్టు లేవసాగింది. కొత్త తోలు పడలేదేమోనని కొబ్బరినూనె రాశాడు. తగ్గలేదు. మందుల షాపులో చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన మూడోరోజుకే దురద చల్లారింది. మానేసిన వారానికి రెట్టింపై వేళ్ళ మీదికి పాకింది. అలా నాలుగు ట్యూబులయ్యాయి.

ఒకరోజు ఒక కాలేజీ అమ్మాయి చెప్పులు కొనుక్కోవడానికి వచ్చింది. చంద్రరావు మడమ అందుకోబోతుంటే ఆ చెయ్యి చూసి కాలు వెనక్కి తీసుకుంది. "నేనే వేసుకుంటానండి" అంది, ఎటో చూస్తూ. ఆ పిల్లని తప్పుపట్టాలనిపించలేదు అతనికి. మర్నాడు మోకాళ్ళు నొప్పులని చెప్పి, యజమాని సత్యప్రసాద్ గారిని అడిగి బిల్లుల కౌంటర్‌కి మారాడు.

ఇంట్లో చెంచాతో తినడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు గోదావరి రేవు మెట్ల మీద వేళ్ళు కొరుక్కుపోయిన మనిషి ఒకడు కూర్చునేవాడు. కుష్టు అని, మొదట చేతికే వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఆ మనిషి మొహం ఇప్పుడు తరచూ గుర్తొస్తోంది. సంగతి భార్య సూర్యకళకి చెప్పలేదు. ఆమె పది రోజులు ఓపిక పట్టింది.

"పప్పన్నంలో ఆవకాయ చెంచాతో కలుపుకునే మనిషి కాదు మీరు. ఏంటో చెప్పండి" అంది చివరికి.

అతను అరచేయి తెరిచి చూపించాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ దానవాయిపేటలో చర్మం డాక్టర్ హైమ గారి దగ్గరికి వెళ్ళారు.

డాక్టర్ గారు రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూశారు. ఎడమచేయి శుభ్రంగా ఉంది.

"ఒక్క చేతికేనా? అయితే బూట్లు విప్పండి" అన్నారు.

చంద్రరావు తన బూట్ల వైపు చూసుకున్నాడు. చెయ్యి చూపించడానికి వస్తే కాళ్ళెందుకు? ఊళ్ళో సగంమంది పాదాలు పట్టుకున్నవాడు, తన కాలు ఒకరి ముందు పెట్టడానికి సిగ్గుపడ్డాడు. లేసులు విప్పడానికి కాసేపు పట్టింది. వేళ్ళ సందుల్లో చర్మం నాని, తెల్లబడి, చిట్లి ఉంది. అరికాళ్ళ నిండా పిండి చల్లినట్టు పొట్టు. రోజంతా బూట్లతో నిలబడేవాళ్ళకి మామూలేనని దాన్ని ఏళ్ళ తరబడి పట్టించుకోలేదు. దురద పుడితే కుడిచేత్తో గోక్కునేవాడు.

"అక్కణ్ణించే చేతికొచ్చిందండి. ఇది ఫంగస్, తామర లాంటిదే" అన్నారామె. అతను గొంతు తగ్గించి రేవు మెట్ల మనిషి సంగతి చెప్పాడు. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో అరచేతి మీద అక్కడక్కడా తాకారు. తాకిన ప్రతిసారీ అతను చెప్పగలిగాడు. స్పర్శ బాగుంది కాబట్టి, మచ్చలు కూడా ఆ తరహావి కావు కాబట్టి ఆ భయం అక్కర్లేదన్నారు. ఒకవేళ కుష్టయినా ఇప్పుడు మందులతో పూర్తిగా నయమవుతుందని కూడా చెప్పారు. తర్వాత కొంచెం పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూశారు. ఫంగసే.

చంద్రరావు కుర్చీలో వెనక్కి వాలాడు.

పాత ట్యూబులో స్టెరాయిడ్ ఉందని, అది దురదని అణిచి ఫంగస్‌ని పెంచుతుందని, వెంటనే మానేయమని డాక్టర్ గారు చెప్పారు. రక్తపరీక్ష చేయించి మాత్రలు, పూయడానికి క్రీమూ రాశారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే అతను లేదనబోయాడు.

"నాక్కూడా ఉందండి" అంది సూర్యకళ. లంగా బొందు కట్టుకునేచోట, రెండు నెలలుగా. అలమరలో కనిపించిన అతని ట్యూబే తనూ రాసుకుంటోంది. ట్యూబు అంత తొందరగా ఎందుకు అయిపోతోందో చంద్రరావుకి అప్పుడు అర్థమైంది. ఆటోలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని గోకవరం బస్టాండు దాకా నవ్వుకున్నారు.

ఆ రోజునుంచి ఎవరి తువ్వాలు వారిదే. బట్టలు ఎండలో బాగా ఆరాకే మడత. అతను స్నానం చేశాక వేళ్ళ సందులు పొడిగా తుడుచుకుని క్రీము రాసేవాడు. రోజూ ఉతికిన మేజోళ్ళు, రోజు విడిచి రోజు బూట్లు. మూడు వారాలకి పొట్టు పోయింది. మానేద్దామనిపించినా, తగ్గినట్టు కనిపించాక కూడా వాడాలన్న మాట గుర్తుంచుకుని చెప్పినన్ని రోజులూ వాడాడు. ఆరో వారంలో డాక్టర్ గారు చూసి సరేనన్నారు.

ఇప్పుడతను మళ్ళీ పాత పనిలోనే ఉన్నాడు. వానాకాలంలో బూట్లకోసం వచ్చినవాళ్ళకి గాలి తగిలే శాండల్స్ చూపిస్తుంటాడు. ఖరీదైన జతలు కదలడం లేదని సత్యప్రసాద్ గారు ఒకటి రెండుసార్లు సణిగారు గానీ, మొన్న తనకీ ఒక జత శాండల్స్ తీయించుకున్నారు.