ఒంగోలు ఎటో తెలియని రోజు

ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు, సింగరాయకొండ దాటాక హైవే పక్కన లారీ ఆపి కిందికి దిగాను. ఎందుకు దిగానో తెలియలేదు. టైరు చూడటానికా, లోడు మీద కప్పిన పట్టా తాడు వదులైందా, నీళ్ళకా? ఏదీ గుర్తు రాలేదు. ఎదురుగా ఆకుపచ్చ బోర్డు మీద ‘ఒంగోలు’ అని ఉంది. చదివాను. కానీ ఆ ఊరు వెనకపడిందో, ఇంకా ముందుందో అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళుగా తిరుగుతున్న రోడ్డు అది.

నాతో పాటు ఆ బండికి రెండో డ్రైవరు మస్తాన్. పదకొండేళ్ళుగా ఒకే క్యాబిన్‌లో ఉన్నాం. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఏరా కోటేసూ, ఎందుకాపావ్?” అన్నాడు.

“ఒంగోలు వెళ్ళిపోయిందా?” అని అడిగాను.

“ఎక్కడికి పోద్ది రా, దానికేమన్నా చక్రాలున్నాయా?” అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. “ఇటు రా. నేను తోల్తా.”

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది చిలకలూరిపేట. ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో డ్రైవర్ని. ఇక్కడి మిల్లుల నుంచి నూలు తీసుకుని తమిళనాడు వెళ్తాం, అక్కడి నుంచి మోటారు పంపులో, మరొకటో లోడు వేసుకుని వస్తాం. నేను చదివింది ఏడో తరగతి. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. లోడు కోసం ఆగిన రోజుల్లో మిగతావాళ్ళు పేకాటకి కూర్చుంటే నేను అక్కడికి పోయేవాణ్ణి. చరిత్ర, ఖగోళం, శరీరశాస్త్రం, దొరికింది దొరికినట్టు చదివాను. మా ఆఫీసులో ఎవరికి రక్త పరీక్ష రిపోర్టు వచ్చినా ముందు నాకే చూపించేవాళ్ళు. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పుడూ పూర్తిగా పోలేదు.

సింగరాయకొండ సంగతికి నాలుగు నెలల ముందు, లైసెన్సు రెన్యువల్ కోసం మెడికల్ సర్టిఫికెట్‌కి వెళ్తే బీపీ ఉందన్నారు. డాక్టరు గారు ఒక బిళ్ళ రాసి, “ఇది ఒంట్లో ఎక్కువైన ఉప్పుని, నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది. మీరు కూడా ఉప్పు తగ్గించండి” అన్నారు. తగ్గిస్తే మంచిదైనప్పుడు మానేస్తే ఇంకా మంచిది కదా అనుకున్నాను. గ్రంథాలయంలో ప్రకృతి వైద్యం పుస్తకం ఒకటి దొరికింది. ఉప్పు విషమనీ, రోజూ అయిదారు లీటర్ల నీళ్ళు తాగితే ఒంట్లో మలినాలు పోతాయనీ అందులో ఉంది. రెండుసార్లు చదివి నోట్సు రాసుకున్నాను.

మేం రోడ్డు పక్కన బండి నీడలో స్టవ్వు పెట్టుకుని వండుకుంటాం. ఉప్పు వేయకముందే నా కూర వేరే గిన్నెలోకి తీసుకునేవాణ్ణి. మస్తాన్ ఒకసారి రుచి చూసి, “ఇది కూరా, రేడియేటర్ కడిగిన నీళ్ళా?” అన్నాడు. ఇంట్లో మా ఆవిడ పద్మ, “గుంటూరు జిల్లాలో పచ్చడి లేకుండా కంచం ముందు నుంచి లేచే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా” అనేది. ఇద్దరికీ ఆ పుస్తకంలోని మాటలు చెప్పేవాణ్ణి.

మొదటి నెల తేలిగ్గా ఉంది. తర్వాత తలనొప్పి, పిక్కలు పట్టేయడం, వికారం. మొదట్లో అలాగే ఉంటుందనీ, అది మలినాలు బయటికి పోవడమనీ పుస్తకంలో ఉంది కాబట్టి నీళ్ళు ఇంకా పెంచాను. ఎండాకాలం కావడంతో ఎంత తాగినా ఎవరికీ వింతగా అనిపించలేదు.

సింగరాయకొండ నుంచి వచ్చిన మర్నాడు ఒక క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టరు అడిగిన మొదటి మాట, “డ్రైవరా? మందు అలవాటుందా?” లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. షుగర్ చూశారు, ఈసీజీ తీశారు. రెండూ నార్మల్. “నిద్ర చాలక ఇలా అవుతోంది” అని బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ చేసి పంపారు.

ఆ వారంలోనే యార్డులో నూలు లోడు మీద పట్టా కడుతున్నాను. తాడు కొక్కేనికి తిప్పి ముడి వేయాలి. ఆ ముడి నేను కళ్ళు మూసుకుని వేస్తాను. ఆ రోజు తాడు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. చేతులున్నాయి, తాడుంది, తర్వాత ఏం చేయాలో మాత్రం తలలో లేదు. మా ఓనరు గారు చూసి, “తాగొచ్చావా కోటేసూ?” అన్నారు. కాదని మస్తాన్ అడ్డుపడ్డాడు. “అయితే మరీ ప్రమాదం. తల బాగుందని డాక్టరు చేత రాయించుకుని రా. అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోవద్దు” అన్నారాయన. కోపం వచ్చింది. కానీ ఆయన మాటలో తప్పేముంది? వెనక పదిహేను టన్నుల లోడు, ముందు బస్సులు, మోటారు సైకిళ్ళు. నామీద నాకే నమ్మకం లేదు.

సీటీ బ్రెయిన్ తీయించాం. నార్మల్ అన్నారు. “అంటే జబ్బు లేనట్టేనా?” అని పద్మ అడిగింది. “సీటీలో కనపడే జబ్బు లేదమ్మా” అన్నారు డాక్టరు. మెదడులో గడ్డ అని చెప్పినా ఒక పేరు ఉండేది. నాకు పేరు కూడా దొరకలేదు. మతిమరుపు జబ్బుల గురించి చదువుదామని గ్రంథాలయానికి వెళ్ళాను. ఒక వాక్యం చదివి రెండో వాక్యానికి వచ్చేసరికి మొదటిది పోయేది. మళ్ళీ మొదటికి వెళ్ళేవాణ్ణి. అలా ఆ పేజీ దగ్గరే మధ్యాహ్నమంతా గడిచింది.

ఆ తర్వాతిది నాకు గుర్తు లేదు. వాంతులయ్యాయనీ, తనని మా అక్క పేరుతో పిలిచాననీ పద్మ అంటుంది. కాదు, ఎవర్నీ పిలవలేదు, ‘బండి గేరు పడట్లేదు’ అని మంచం కోడు లాగుతూ కూర్చున్నానని మస్తాన్ అంటాడు. ఎవరిది నిజమో నేను చెప్పలేను. మొత్తానికి ఇద్దరూ కలిసి నన్ను కారులో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

క్యాజువాల్టీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉన్నారట. ఏం మందులు వాడుతున్నారని అడిగితే పద్మ, “బీపీ బిళ్ళ ఒకటేనండి” అంది.

“ఇంకేమైనా?”

“ఏం లేదండి.”

వెనక నిలబడ్డ మస్తాన్ అన్నాడట. “మేడమ్, వీడు ఉప్పు తిని నాలుగు నెలలైందండి. రోజుకో క్యాను నీళ్ళు తాగుతాడు.”

ఆవిడ రాస్తున్నది ఆపి నర్సు వైపు తిరిగి, “సీరం ఎలక్ట్రోలైట్స్ అర్జెంటుగా పంపండి” అన్నారు. నూట ముప్పై అయిదుకి పైన ఉండాల్సిన సోడియం నాకు నూట ఎనిమిది ఉంది. హైపోనాట్రీమియా, అంటే రక్తంలో సోడియం పడిపోవడం అన్నారు. బిళ్ళ ఒకవైపు ఉప్పుని బయటికి పంపుతుంటే, నేను తినడం మానేసి, మిగిలినదాన్ని నీళ్ళతో పలచన చేసుకున్నాను. ఆ బిళ్ళ వెంటనే ఆపేశారు. ఐసీయూలో త్రీ పర్సెంట్ సెలైన్, అంటే ఉప్పు ఎక్కువగా ఉండే సెలైన్ పెట్టారు.

“ఉప్పే కదండీ, నోట్లో వేసేస్తాం” అని పద్మ బతిమాలిందట.

“వద్దమ్మా. ఒక్కసారిగా పెంచితే మెదడు దెబ్బతింటుంది. గంటగంటకీ చూస్తూ నెమ్మదిగా పెంచాలి.”

మూడో రోజుకి నూట ఇరవై రెండుకి వచ్చింది. వార్డుకి మార్చారు. రోజుకి లీటరు మించి నీళ్ళు తాగొద్దన్నారు. మర్నాడు చూస్తే నూట పదిహేడుకి పడిపోయింది. “నీళ్ళు ఎవరిచ్చారు?” అని డాక్టరమ్మ అడిగారు. ఎవరూ ఇవ్వలేదు. నేను తాగలేదన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు అనిపించలేదు. మస్తాన్ నా వైపు చూసి, “బాత్రూమ్‌కి పోయొచ్చినప్పుడల్లా చొక్కా ముందంతా తడిసి ఉంటోంది రా” అన్నాడు. అప్పుడు పంపు, మగ్గు లీలగా గుర్తొచ్చాయి. నీళ్ళు మంచివన్న మాట ఒక్కటే ఆ తలలో చెక్కుచెదరకుండా మిగిలింది.

డాక్టరమ్మకి పుస్తకం సంగతి చెప్పుకున్నాను. తిడతారనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, “చదవడం తప్పు కాదండి. కానీ మీరు ఈ బిళ్ళ వేసుకుంటున్నారని ఆ పుస్తకానికి తెలియదు కదా?” అన్నారు.

తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. బీపీకి వేరే బిళ్ళ రాశారు. ఉప్పు రోజంతా కలిపి చెంచాకి మించకుండా తినమన్నారు. నా తల ఏ రోజు తిరిగి నాదైందో నాకు తెలియదు. కొన్ని వారాలు నడుస్తుంటే పక్కకి తూలేవాణ్ణి. ఇప్పటికీ ఒక్కటి వేధిస్తుంది. ఆ పొద్దున సింగరాయకొండకి ముందు నేను నడిపిన దూరంలో ఏం జరిగింది? మస్తాన్, “బానే తోలావురా” అంటాడు. నేను తోలేటప్పుడు వాడు ఫోను చూసుకుంటూ ఉంటాడనీ నాకు తెలుసు.

రెండు నెలలు వరుసగా సోడియం నార్మల్ వచ్చాక, బండి నడపొచ్చని డాక్టరమ్మ రాసిచ్చారు. ఓనరు గారు కాగితం చదివి పక్కన పెట్టారు. “ఇది సరే. పక్కన కూర్చునేవాడు ఏమంటాడు?”

“చూస్తానండి” అన్నాడు మస్తాన్. అంతే అన్నాడు.

మొదట పర్చూరు వైపు దగ్గర లోడ్లు ఇచ్చారు. మస్తాన్ బడి పంతులులా, “వచ్చే ఊరేది? లోడేంటి? మొన్న ఎక్కడ తిన్నాం?” అని అడుగుతూనే ఉండేవాడు. విసుగొచ్చినా జవాబు చెప్పేవాణ్ణి. తప్పు చెప్తానేమోనని లోపల భయం.

తర్వాత దూరపు లోడు వచ్చింది. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం కావలి దాటాం. చాలాసేపటి నుంచి ప్రశ్న రాలేదు. పక్కకి చూశాను. మస్తాన్ తలుపుకి ఆనుకుని, నోరు తెరిచి గురక పెడుతున్నాడు. వేగం కొంచెం తగ్గించి, ఎడమ లేనులోకి వచ్చి, వాణ్ణి లేపకుండా నడుపుకుంటూ వచ్చాను.

ఇప్పుడు వారానికో ట్రిప్పు వెళ్తున్నాను. మూడు నెలలకోసారి రక్త పరీక్ష చేయించుకుంటాను. గ్రంథాలయానికీ వెళ్తున్నాను.

చదివేవాళ్ళకి ఒక్క మాట. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడుగుతారు. మీరు ఏం మానేశారో, ఏది కొత్తగా మొదలుపెట్టారో అడక్కపోయినా చెప్పండి. ఆ సమయానికి మీకు చెప్పే తెలివి ఉండకపోవచ్చు. అందుకని ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రోజూ మీ పక్కన కూర్చుని తినే మనిషిని వెంట తీసుకెళ్ళండి.