చేతికిచ్చిన చాకు

మొన్న మామిడికాయ కోస్తూ నా కూతురు చాకును నా చేతికి అందించబోయింది. నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. "కింద పెట్టు" అన్నాను, గట్టిగానే.

నా చిన్నప్పుడు, మా ఊరు తారానగర్‌లో, మా నాయనకూ చిన్నాయనకూ మడత చాకుల పిచ్చి. ఆదివారం నేను అరుగు మీద రెండు పీటలు వేస్తే, ఎదురెదురుగా కూచుని పోల్చుకునేవాళ్లు. ఎనుము కొమ్ము పిడి నునుపు మేలా, జింక కొమ్ము గరుకుకే పట్టు ఎక్కువా అని. ఒకరు బండ మీద పెడితేనే ఇంకొకరు తీసుకునేవాళ్లు. ఎందుకో నేను అడగలేదు.

మైన్సు లారీల ఎర్రదుమ్ము అరుగు దాకా వస్తున్న రోజులవి. ఒక ఆదివారం చాకులు ముందర పెట్టుకునే ఉన్నారు గానీ మాట వాటి మీద లేదు.

"నా భాగం చేను మైన్సోళ్లకు ఇస్తాండా అన్నా," అన్నాడు చిన్నాయన. "ఊరంతా లారీలు కొంటాంటే మనం జొన్నలు ఏసుకుంటా ఉండాల్నా?"

"తవ్వినాక మళ్లా యాడ పండుతాదిరా?" నాయన గొంతు లేచింది.

చిన్నాయన దిగ్గున లేచినాడు. చేతిలో జింక కొమ్ము చాకు, విప్పిందే. నేను స్తంభం వెనక్కి జరిగినాను. ఆయన దాన్ని మడిచినాడు. బండ మీద పెట్టలేదు. నాయన అరచేతిలో పెట్టి, "ఉంచుకో" అని వెళ్లిపోయినాడు.

నేను వంటింట్లోకి ఉరికినాను. "అమ్మా, కొట్లాట లేదు! చిన్నాయన చాకు చేతికే ఇచ్చినాడు!"

అమ్మ రొట్టె తట్టడం ఆపేసింది. పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

చాకు చేతికిస్తే పొత్తు తెగుతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. చిన్నాయనకూ తెలుసు. తెలియంది నాకే.

మరుసటి ఆదివారం ఎప్పటిలాగే రెండు పీటలు వేసినాను. అమ్మ వచ్చి ఒకటి తీసేసింది.