అప్ప చూడని కూత

ఆ రోజు మధ్యాహ్నం ఒక మనిషిని ఒక ఇంటి గుమ్మం ముందు నుంచి వెనక్కి పంపేశాను. అతను టీవీకి చిన్న డిష్ గొడుగు బిగించడానికి వచ్చాడు. ఆ ఇల్లు నాది కాదు, అతన్ని పిలిచిందీ నేను కాదు. అయినా పంపేశాను. పంపడానికి రెండు అబద్ధాలు ఆడాను. ఇన్నేళ్లలో చాలా తప్పులు చేశాను గానీ, అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది ఇదే.

అప్పట్లో నాది కేబుల్ వ్యాపారం. రాజాం దగ్గర మా ఊళ్లోనూ, ఆనుకుని ఉన్న రెండు ఊళ్లలోనూ స్తంభం నుంచి స్తంభానికి వైరు లాగి టీవీలకి ఇచ్చేవాణ్ణి. సిగ్నల్ పట్నంలోని ఒక పెద్ద నెట్‌వర్కు నుంచి వచ్చేది. ఆ ఏడాది ఆటల ఛానెల్ కంపెనీకీ ఆ నెట్‌వర్కుకీ పేచీ వచ్చింది. ఆటల ఛానెల్ కావాలంటే ఎవరూ చూడని మరికొన్ని ఛానెళ్లు కూడా కొనాలని కంపెనీవాళ్లు పట్టుబట్టారు. కొనేది లేదని మా నెట్‌వర్కువాళ్లు భీష్మించారు. టీవీలో కబడ్డీ పోటీలు మొదలైన వారానికే, మా కేబుల్లో ఆ నంబరు నొక్కితే నీలం రంగు తప్ప ఏమీ వచ్చేది కాదు. గొడుగుల కంపెనీకి మాత్రం ఒప్పందం కుదిరింది. వాళ్లు ఆటోకి మైకు కట్టి, కేబుల్లో రాని కబడ్డీ మా దగ్గర వస్తుందని వీధివీధీ చాటించారు. నేను నా లోకల్ ఛానెల్లో "సాంకేతిక లోపం" అని అక్షరాలు పరిగెత్తించాను. అది సాంకేతికం కాదని నాకు తెలుసు.

మా వెనక వీధిలో ఒకామె ఉండేది. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచీ అప్ప అనేవాణ్ణి. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. జూట్ మిల్లులో పని చేసేది. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. జుట్టులో నార దుమ్ముతోనే ఇంటికొచ్చి, వాడికింత వండిపెట్టి, కబడ్డీ ఆడుకోమని మైదానానికి తరిమేది. వాడు కూతకి వెళ్తే ఊపిరి ఎక్కడ దాచుకునేవాడో తెలిసేది కాదు. ఊరూరా ఆడి, జిల్లాకి ఆడి, చివరికి ఆ టీవీ పోటీల్లో ఒక జట్టులో చేరాడు. చేర్చుకున్నారు గానీ ఆటలోకి దించలేదు, బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఛానెల్ ఉన్న ఆ ఒక్క వారమూ కెమెరా అటు తిరిగినప్పుడల్లా అప్ప అరిచేది. "అదిగో! ఆ సివర్న మావోడి సెవి!"

ఆ రోజు పొద్దున్న వాడు ఫోన్ చేశాడు, సాయంత్రం ఆటలో దించుతామన్నారని. అప్ప మిల్లుకి వెళ్లి షిఫ్టు మార్చుకుంది. రాజాం ఫోన్ చేసి గొడుగు తెప్పించుకుంది.

నేను వీధి మొదట్లో స్తంభం మీద ఉన్నాను. బండి వెనక గొడుగు కట్టుకుని, చంకలో వైరు చుట్టతో అతను వస్తుంటే పైనుంచి చూశాను. ఒక డాబా మీద గొడుగు లేస్తే ఆ వరస వరసంతా లేస్తుందని అప్పటికి పక్క ఊళ్లో చూసి ఉన్నాను. పైగా అది అప్ప తమ్ముడి ఆట రోజు. జనమంతా అప్ప ఇంట్లోనే చేరతారు, బొమ్మ చూస్తారు, మర్నాడు నా వైర్లు కోసుకోవడమే. గబగబా దిగి వెళ్లాను.

"ఏటప్పా, నన్నొగ్గేస్తన్నావా?" అన్నాను నవ్వుతూ.

"నిన్నేటి ఒగ్గీడం? నీ డబ్బాలో మావోడు రాడు కదరా. నువ్వు సూపించు, నాకీ గొడుగెందుకు?"

"సాయంత్రం ఆరుకల్లా వచ్చేస్తాది. పట్నంలో మాటాడేసుకున్నారు. ఇప్పుడే ఫోనొచ్చింది."

ఫోను వచ్చిన మాట నిజమే. మాటలు పూర్తిగా తెగిపోయాయని వచ్చింది.

"నిజివేనా?"

"గొడుగు ఇయాల బిగించినా రెండ్రోజుల దాకా బొమ్మ రాదప్పా. ఆ కంపెనీవోళ్లు ఆన్ సెయ్యాల."

"అదేటండీ, అరగంటలో..." అని గొడుగతను ఏదో అనబోయాడు. నేను అతని భుజం మీద చెయ్యివేసి వీధి చివరిదాకా నడిపించాను. "బేగి ఎల్లిపో. ఈ ఈదిలో మళ్లీ నిచ్చెనెయ్యకు" అన్నాను. అతను నా మొహం చూసి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

"నీ మాట మీద కూకున్నానొరే," వెనక నుంచి అప్ప కేకేసింది. "రాకపోతే నీ డబ్బాలన్నీ నూతిలో పారేస్తాను!"

తర్వాత చాలాకాలం, ఎలాగో ఛానెల్ వచ్చేస్తుందని ఆశపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. రాదని నాకు తెలుసు.

ఆరు దాటింది. అప్ప తలస్నానం చేసి, వాకిట్లో చాపలు పరిచి, ఇరుగుపొరుగుని పిలిచి కూర్చోబెట్టింది. నా ఫోను మూడుసార్లు మోగింది. మోగుతున్నంతసేపూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఏడున్నరకి తనే నా కంట్రోల్ రూముకి నడిచి వచ్చింది.

"ఏట్రా?"

"పది నిమిషాలప్పా."

గడప మీద కూర్చుంది. నేను అటు తిరిగి, ఏ లోపమూ లేని వైర్లు పీకడం, మళ్లీ పెట్టడం, అదే పనిగా చేశాను. నా ముందు వరసగా ఉన్న చిన్న టీవీల్లో ఒకదాంట్లో పాటలు, ఒకదాంట్లో వార్తలు, ఆ ఒక్కదాంట్లో నీలం. ఆట వేళయింది.

"ఒరే, నీకు బండున్నాది కదా. రాజాం తీసుకెళ్లిపోరా. ఏ షాపు కాడో నించోని సూసొచ్చేద్దాం."

పావుగంట దారి. బండి బయటే ఉంది. కానీ తీసుకెళ్తే ఛానెల్ రాదని ఒప్పుకున్నట్టే. అందుకని, కేవలం అందుకని, "మనం దార్లో ఉండగా ఇక్కడొచ్చేస్తే ఏటి సేస్తావు?" అన్నాను.

ఆమె ఆలోచించింది. "అదీ నిజివే" అని మళ్లీ కూర్చుంది.

ఎన్ని మాటలు మరిచిపోయినా ఆ మాట మరిచిపోలేకపోతున్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆట అయిపోయాక జట్టువాళ్ల దగ్గర నుంచి ఆమెకి ఫోన్ వచ్చింది. తమ్ముణ్ణి రెండో సగంలో దించారు. కొన్ని కూతలకి వెళ్లాడు. చివరి కూతలో ముగ్గురు మీదపడితే మోకాలు తిరగబడింది. ఆస్పత్రిలో ఉన్నాడు.

వాడు మళ్లీ ఆడలేదు. ఆపరేషను చేశారు గానీ ఆ కాలు పూర్తిగా వంగేది కాదు. ఇంటికొచ్చి, ఎవరేమడిగినా "ఏటో ఆడేను" అని మొహం తిప్పుకునేవాడు. అప్పకి కూడా అంతకుమించి చెప్పలేదు. మా ఊళ్లో ఫోన్లలో ఆటలు చూసే రోజులు ఇంకా రాలేదు. దేశమంతా చూసిన ఆ కాసేపటి ఆట, వాణ్ణి పెంచిన మనిషికి మాత్రం తెలియకుండా పోయింది.

పోటీలన్నీ ముగిసిన కొన్నాళ్లకి పట్నంలో రాజీ కుదిరి ఛానెల్ తిరిగొచ్చింది. జనం సంతోషించారు. నేను ఆ నంబరు నొక్కేవాణ్ణి కాదు. ఒక ఆదివారం అప్ప దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆ రోజు ఫోన్లో ఏం విన్నానో, గొడుగు అరగంటలో పనిచేసేదని, రాజాం ఎందుకు తీసుకెళ్లలేదో కూడా.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరడం ఆపలేదు. చేటలోకే చూస్తూ అంది. "పది నిమిషాలన్నావు."

ఒక రాయి తీసి పక్కన పడేసింది.

"ఎల్లండి బాబూ. పనుంది నాకు."

చిన్నప్పటి నుంచీ ఒరే అన్న మనిషి నన్ను అండీ అంది. చెప్పు తీసుకుని కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆ తర్వాత నేను చేసింది ఒకటే. ఆ ఆట చూసినవాళ్ల కోసం రాజాంలో వెతకడం మొదలుపెట్టాను. గొడుగున్న ప్రతి షాపులోనూ ఆగి, ఫలానా రోజు మా ఊరి కుర్రాడు ఆడింది చూశారా అని అడిగేవాణ్ణి. "కేబులోడివి నువ్వొచ్చి మమ్మల్నడుగుతన్నావేటి?" అని నవ్వినవాళ్లున్నారు. చూశాం గానీ గుర్తులేదన్నవాళ్లున్నారు. చివరికి ఒక బెల్లం షావుకారు దొరికాడు. వయసులో ఉన్నప్పుడు ఆడినవాడు. త్రాసు పక్కన పెట్టి, "ఆ గుంటడా! మనోడని కుర్సీ మీంచి లేసి మరీ సూసేను. పెతీ కూతా గుర్తే" అన్నాడు. కాళ్లావేళ్లా పడి, కొట్టు సెలవు రోజున బండెక్కించుకుని తీసుకొచ్చాను.

అప్ప నా వైపు చూడలేదు. షావుకారుకి పీట వేసింది. ఆయన కూర్చోలేదు. పంచె ఎగ్గట్టి, "గీత కావాలమ్మా" అన్నాడు. ఆమె ముగ్గు డబ్బా తెచ్చి వాకిట్లో తనే గీత గీసింది. "షావుకారూ, పంచె జాగర్త!" అని పక్కింటి డాబా మీంచి ఎవరో అరిచారు. తమ్ముడు అరుగు మీద, చాచిన కాలు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ మూల కూతకొచ్చినోణ్ణి పట్టీవోడొకడు ఉండాల" అన్నాడు షావుకారు. నేను వెళ్లి నిలబడ్డాను. ఆయన పొట్ట ఊగిస్తూ కూత పెట్టి, నా ముందు రెండు అడుగులు అటూ ఇటూ ఆడి, చేత్తో నా భుజం తాకాడు.

"అలగ కాదు షావుకారూ," అరుగు మీంచి తమ్ముడి గొంతు వినిపించింది. "ఎడం సెయ్యి సూపించేను. ముట్టింది కుడి కాలితోటి."

అప్ప గిరుక్కున వాడి వైపు తిరిగింది. "ముట్టేవా?"

"ముట్టేనప్పా. ఇద్దర్ని."

ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షావుకారు వైపు తిరిగి, "మళ్లీ ఓపాలి సూపించండి బాబూ, ఆడు సెప్పినట్టు" అంది.

ఆయన మళ్లీ చూపించాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన రొప్పుతూ చెమట తుడుచుకుంటుంటే, చెరిగిన గీతని ముగ్గుతో నేను సరిచేసి, మళ్లీ వెళ్లి ఆ మూల నిలబడ్డాను.