కుత్సున్ గిన్నెలో వెంట్రుక

కుత్సున్ అంటే మా దగ్గర ‘ఇదే ఆఖరు’ అని. నలుగురు ఆడపిల్లలతో విసిగిపోయిన తండ్రి ఐదోదానికి ఆ పేరు పెట్టాడు. ఆ తర్వాత మరో ఇద్దరు ఆడపిల్లలే పుట్టారు. ఆ అక్కసంతా పేరు పనిచేయని పిల్ల మీదే తీర్చుకున్నాడు. ఆమెకు ఎడమ చెవి వినపడకపోవడం ఆయన చేతి చలవే.

మా రేవులో నెత్తళ్ల చేపలు ఎండబెట్టి అమ్మేది. నోరు మహా చెడ్డది. “తూకం తక్కువైందా? మీ ఆయన్ని తెచ్చి తక్కెట్లో కూర్చోబెట్టు, సరిపోతుంది” అనేది. అయినా సముద్రం మనిషిని మింగి శవాన్ని ఇవ్వకపోతే అందరం ఆమె గుమ్మం తొక్కాల్సిందే. పోయినవాడి చొక్కా ఒకటి ముందురోజే ఆమెకు అప్పగించాలి. బియ్యం నింపిన ఇత్తడి గిన్నెకు గుడ్డ చుట్టి, తాడు కట్టి, నీళ్లలోకి వదిలేది ఆమే. పూనకం వచ్చిన గణాచారి చొక్కా ఊపుతూ పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, కుత్సున్ తాడు లాగుతుంది. విప్పి చూస్తే బియ్యంలో ఒక వెంట్రుక ఉండాలి. ఉంటే ఆ ప్రాణం ఒడ్డు చేరినట్టు. లేకపోతే వాడి పెళ్లాం అటు విధవా కాదు, ఇటు మొగుడున్నదీ కాదు.

ముప్పై ఏళ్లలో ఆ గిన్నె ఒక్కసారీ వెంట్రుక లేకుండా ఖాళీగా రాలేదు. పదకొండేళ్ల కిందట మా ఆయన టుసిక్ వెంట్రుక కూడా వచ్చింది.

మొన్న ప్యోన్ సరంగు పడవ తిరగబడింది. గిన్నె తీశారు, వెంట్రుక ఉంది. సరంగు పెళ్లాం ఏడవలేదు, నోరు తెరిచింది.

“ఇదేమిటే! మా ఆయనది గుండు కదే! ముప్పై ఏళ్లకే నున్నగా అయిపోయింది!”

అన్నం తినేటప్పుడు కూడా టోపీ తియ్యని మనిషి. కుత్సున్‌కేం తెలుసు? ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

“అవునే, నేనే పెట్టాను. చొక్కాలకి అంటుకున్నవి ఏరి పెట్టాను. ఖాళీ గిన్నె చూసుంటే మీలో సగంమంది ఆ నీళ్లలోకే దూకేవారు” అంది కుత్సున్.

రేవులోని విధవలంతా ఆమె మీద పడ్డారు. నెత్తళ్లను బుట్టలతో సహా సముద్రంలో పోశారు. జుట్టు కత్తిరించి అదే గిన్నెలో కుక్కారు. కత్తెర నాది. కత్తిరించిందీ నేనే.

ఆ పని చేసి ఇంటికొచ్చి సంతోషపడ్డాను, అదీ నా సిగ్గులేనితనం. వెంట్రుక దొంగదైతే టుసిక్ ఏ పడవో పట్టుకుని ఎక్కడో బతికే ఉండొచ్చు కదా! పొద్దున్నే అతని ఫోటో గోడ మీంచి దించేశాను. చచ్చినవాళ్ల అన్నంలో చెంచా నిటారుగా గుచ్చుతాం. పదకొండేళ్లు అలాగే గుచ్చాను. ఆ రోజు వేడి అన్నం వడ్డించి, చెంచా గిన్నె పక్కన పెట్టాను, బతికున్నవాడికి పెట్టినట్టే. అతని వెంట్రుకా తనే పెట్టానన్న మాట ఆమె నోట విందామని వెళ్లాను.

కుత్సున్ తలకు గుడ్డ చుట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

“అక్కా, మా ఆయనదీ నువ్వే పెట్టావు కదూ?”

కుడి చెవి నా వైపు తిప్పింది. మళ్లీ అడిగాను.

“కత్తెర తెచ్చావా?” అంది.

“లేదు. అవునను, చాలు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “నువ్వు ఆ చొక్కా ఉతికి, గంజి పెట్టి మరీ తెచ్చావు కదే. ఎంత వెతికినా ఒక్కటి దొరకలేదు. ఏం చెయ్యను? వెంట్రుక పెట్టకుండానే గిన్నె వదిలాను. పైకి లాగి చూస్తే ఉంది.”

“అబద్ధం!”

“అబద్ధాలు మిగతావాళ్లకి చెప్పానే. ముప్పై ఏళ్లలో నిజంగా వచ్చింది మీ ఆయనొక్కడే.”

కక్షతో అనలేదు. ఏడుస్తూ అంది. కక్షతో అని ఉంటే నమ్మకుండా బతికేదాన్ని.

ఇంటికొచ్చాను. అన్నం ఇంకా చల్లారలేదు. పక్కనున్న చెంచా తీసి మధ్యలో నిటారుగా గుచ్చాను.