మేడమ్ ప్లేట్లో సగం నాది

స్కూల్ నుంచి వచ్చి షూ విప్పుతుంటే అమ్మ చెప్పింది, మా మ్యాథ్స్ మేడమ్ పోయారని. రెండో షూ విప్పకుండా అలాగే కూర్చుండిపోయాను.

మేడమ్ యూనివర్సిటీలో లెక్చరర్. సొంతూరు కడప వైపు. తార్నాకలో మా బిల్డింగ్‌లోనే కింది పోర్షన్‌లో ఒక్కరే ఉండేవారు. సాయంత్రాలు నాకు లెక్కలు చెప్పేవారు. చాలా లావుగా ఉండేవారు. నేనూ లావే. అందుకేనేమో, ఆమె ముందు కుర్చీ కిర్రుమన్నా నాకు సిగ్గనిపించేది కాదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒకసారి ఆమెతో క్యాంపస్‌కి వెళ్లినప్పుడు పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. స్టూడెంట్స్ పరిగెత్తారు. మేడమ్ మోకాళ్లు కదల్లేదు. డిపార్ట్‌మెంట్ మెట్ల మీదే కూర్చుని, ఇద్దరం ఒకే చున్నీలో మొహాలు దాచుకున్నాం. ఆ తర్వాతే ఆమె బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు. అది వాళ్ల అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. కాలనీ అంతా వాకింగ్ మహిమ అనుకుంది.

షుగర్ మాత్రలు ఆగిపోయాయి. ఒకరోజు ఎక్కడా ఆగకుండా మూడో అంతస్తులోని మా ఇంటికి ఎక్కి వచ్చారు. కానీ జుట్టు బాగా ఊడింది. నాలుగు ముద్దలు దాటితే వాంతి. "కడుపు చిన్నది చేసినారు గానీ పాపా, నాలిక అట్లే ఉంది," అని నవ్వేవారు.

ఉద్యమంలో రోడ్ల మీదే వండుకుని తినే వంటావార్పు రోజులవి. తార్నాకలో ఒక స్టూడెంట్ ఆమె ప్లేట్ నిండా అన్నం పెట్టాడు. మేడమ్ రెండు ముద్దలు తిని ఆపేశారు.

"ఏంది మేడమ్, మా వంట వద్దా, తెలంగాణనే వద్దా?" అన్నాడతను, నవ్వుతూనే.

చుట్టూ వాళ్లు తినడం ఆపి చూశారు. మేడమ్ చెయ్యి మళ్లీ అన్నంలోకి వెళ్లింది. తింటే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె ప్లేట్లో సగం నా ప్లేట్లోకి లాక్కున్నాను.

"గీ పిల్ల మేడమ్‌ది గూడ లాగిస్తున్నది," అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచి ఏ పెళ్లిలోనైనా ఆమె ప్లేట్లో సగం నాదే.

ఆ వంటావార్పు రోజు సాయంత్రమే మేడమ్ నా మెడ వెనక నల్లటి చార చూశారు. అమ్మ దాన్ని రోజూ శనగపిండితో రుద్దేది.

"అది మురికి కాదు పాపా. నీ వయసులో నాకూ అట్లే ఉండె. షుగర్ వచ్చే ముందు అట్ల కనపడొచ్చు. అమ్మకు చెప్పి డాక్టర్‌కి చూపించుకో. నా మాదిరి దాచుకోవద్దు."

నేను చెప్పలేదు. చెబితే నా కడుపు కూడా కోస్తారేమోనని భయం.

ఈమధ్య మేడమ్‌కి వాంతులు ఆగలేదు. విటమిన్ మాత్రలు కూడా కడుపులో నిలిచేవి కావు. కాళ్లు తిమ్మిరెక్కాయి. అడిగినవాళ్లకు గ్యాస్ట్రబుల్ అని చెప్పేవారు. అక్క వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. చంపింది ఆపరేషన్ కాదు, తర్వాత చూపించుకోకపోవడమేనని డాక్టర్ అన్నారట. అది విన్నా నా భయం పోలేదు.

నిన్న పదకొండో రోజు. ఇక దాచడమెందుకని అక్క అందరికీ చెప్పేశారు. అందుకే నేనూ మీకు రాయగలుగుతున్నాను.

మేడమ్ ఫొటో ముందు విస్తరిలో అన్నం గుట్టగా పెట్టారు. ఆమెకి ఇష్టమని అక్క ఇంకో ఓళిగ, అదే బొబ్బట్టు, వేశారు. అలవాటుగా నా చెయ్యి అటు వెళ్లింది. పక్కనున్న అమ్మ చప్పున పట్టుకుంది.

"ఏమైందే నీకు?"

అమ్మ చేతిని తీసుకెళ్లి నా మెడ వెనక పెట్టుకున్నాను.

"ఇది మురికి కాదమ్మా," అన్నాను.

అమ్మ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. ఫొటో ముందు అన్నం గుట్ట అలాగే ఉంది, సగం తీసేవాళ్లు లేక.