పూత చూడకుండా పోయాడు మా సన్నెన్న

నిన్న పొద్దున ఫోన్. "సన్యాసిరావు షిఫ్ట్‌లోనే పడిపోయాడు. ఇక లేడు."

నా దగ్గరా జోకులు? అన్నాను.

అవతల ఎవరూ నవ్వలేదు.

కెనడాలోని మిల్టన్‌లో మా ఇద్దరిదీ ఒకే బేస్‌మెంట్, ఒకే ఫ్యాక్టరీ. ఇద్దరివీ క్లోజ్డ్ పర్మిట్లే. ఆ ఓనర్ దగ్గర తప్ప ఇంకెక్కడా పని చెయ్యకూడదు. ఒకే గుంజకి కట్టిన రెండు గేదెలం.

సన్నెన్నది పాడేరు వైపు. కాఫీ తోటల్లో పెరిగినోడు. కిటికీ దగ్గర కుండీలో ఓ కాఫీ మొక్క పెంచాడు. రకం పేరు 'సెలక్షన్ తొమ్మిది' అంట.

"దీని తల్లిది ఇథియోపియా, తండ్రిది తైమూర్ దీవి. కలిపింది మన దేశంలో. నీళ్లు లేకపోయినా ఓర్చుకుంటాదిరా, నీలాగ గోలెట్టదు."

"మరి ఇక్కడే ఉండిపోడానికి దీనికి పీఆర్ పెడితే, ఏ దేశందని రాయాలన్నా?" అంటే చెప్పు తీసేవాడు.

ఓసారి ఇండియన్ స్టోర్‌లో కాఫీ పూతలా తెల్లగా ఉంటాయని మల్లెపూలు కొని, కొమ్మల చివర్న దారంతో కట్టేసి, "అన్నా, పూసింది!" అని నిద్ర లేపా.

ఒక్క చూపు చూశాడు.

"కాఫీ కణుపుల దగ్గర పూస్తాదిరా సచ్చినోడా. చివర్న కాదు."

కానీ ఆ పూలు వాడిపోయేదాకా తియ్యలేదు.

నిజం పూత రావాలంటే ముందు మొక్క ఎండాలంట. దాహంతో బిగుసుకున్న మొగ్గ తొలి వానకి విచ్చుకుంటుందంట. మా బేస్‌మెంట్‌లో వానెక్కడిది? చెంబే వాన. నేనెక్కడ పోసేస్తానో అని ఈ చలికాలం ఆ చెంబు దాచేశాడు.

పగలు ఆకులు వాలిపోయేవి. పొద్దుటికి లేచేవి.

"పొద్దుట కూడా లేవని రోజు చెప్తాను. అప్పుడు పోద్దాం."

ఈ పొద్దుట ఆకులు లేవలేదు.

అన్నని ఊరికి పంపుతున్నారు. కూడా నేను వెళ్లలేను. పర్మిట్ రెన్యువల్‌లో ఉంది, ఈ దేశం గడప దాటితే మళ్లీ రానివ్వరు. బయట మంచు. లోపల నేనూ, ఆ మొక్కా. లోతుకి దిగే వేరు దానిది. కుండీ అడుగు తగిలి అక్కడే చుట్టలు చుట్టుకుంటోంది.

చెంబు కోసం ఇల్లంతా వెతికా.

నా మంచం కిందే ఉంది. నేను జన్మలో ఊడవని చోటు.

నువ్వే గెలిచావన్నా.

పోశాను. నెమ్మదిగా, వాన పడ్డట్టే.

వాన పడ్డ పది రోజులకి పూస్తాదనేవాడివి. అంటే నీ పెద్దకర్మకి.

ఈసారి కణుపుల దగ్గరే చూస్తాలే.

ఇక నీకు ఏ పర్మిట్టూ అక్కర్లేదు. మీ కొండల్లో నిమ్మళంగా పడుకో సన్నెన్నా.